బిస్ట్రో బిల్లు తగ్గాలంటే భోజనం మానాలా?

ప్రశ్న: మాది ఒంగోలు. పెళ్లయినప్పటి నుంచి బెంగళూరులోనే ఉంటున్నాం. ఇద్దరమూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులమే. ఇద్దరి చేతికి కలిపి నెలకు 1,85,000 రూపాయలు వస్తాయి. అద్దె 42,000, విజయవాడ దగ్గర కొన్న స్థలం ఈఎంఐ 38,000, అత్తమామలకు 15,000, ఇంటి ఖర్చులు 35,000, బీమా 4,000, సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా పెట్టుబడి) 10,000. ఇందిరానగర్‌లో మా ఇంటి దగ్గరి బిస్ట్రోకు, అంటే చిన్న భోజనశాలకు, నెలకు రెండుసార్లు వెళ్తాం. ఒక సీసా న్యాచురల్ వైను కూడా తీసుకుంటాం గనుక బిల్లు ప్రతిసారీ పది వేలు దాటుతోంది. కార్డు మీద 60,000 బాకీ నిలిచిపోయింది. 2 లక్షల ఎఫ్‌డీ (ఫిక్స్‌డ్ డిపాజిట్) ఉంది. మావారు ఇక మానేద్దామంటున్నారు. మానేయాలా? ఆ వైను డజను సీసాలు కొని దాచుకుంటే పెట్టుబడి అవుతుందా? టర్మ్ పాలసీ (గడువులోగా మరణిస్తేనే సొమ్ము ఇచ్చే జీవిత బీమా) దరఖాస్తులో మద్యం అలవాటు లేదని రాయవచ్చా?

జవాబు: మానేయనక్కర లేదమ్మా. ఆ వారం మార్కెట్‌లో దొరికిన కూరగాయలను బట్టి వంటకాలు మార్చే ఒక చిన్న భోజనశాలలో, నెలకు రెండు సాయంత్రాలు భార్యాభర్తలు తీరిగ్గా కూర్చుని మాట్లాడుకోగలుగుతున్నారంటే, ఆ ఖర్చును నేను దుబారా అనలేను. అయితే మీరు పంపిన బిల్లును వరుసవారీగా చూడండి: భోజనానికి 3,400, వైను సీసాకు 5,800, సర్వీస్ ఛార్జీ 920, ఆపైన పన్నులు. పన్నులకూ సర్వీస్ ఛార్జీకీ ముందున్న ప్రతి వంద రూపాయల్లో 63 రూపాయలు సీసాకే పోతున్నాయి. మీవారి అభ్యంతరం భోజనం మీద అయితే అది సరికాదు, సీసా మీద అయితే ఆయన మాటలో న్యాయముంది.

ఆ సీసా ధర ఊరికే అంత కాలేదు. న్యాచురల్ వైనును రసాయనాలు వాడకుండా పండించిన ద్రాక్షతో, పైనుంచి ఈస్టు చేర్చకుండా, తొక్క మీద సహజంగా ఉండే ఈస్టుతోనే పులియబెడతారు. పాడవకుండా కలిపే సల్ఫైట్లు అసలు వేయరు, లేదా అతి తక్కువగా వేస్తారు. ఫ్రాన్స్‌లో 2020లో మొదలైన ప్రత్యేక ముద్ర పొందాలంటే అవి లీటరుకు 30 మిల్లీగ్రాములు మించకూడదు. చిన్న రైతులు కొద్ది మొత్తంలో చేసే ఈ వైను మన దేశానికి వచ్చేసరికి, కొన్ని దేశాలతో కుదిరిన ఒప్పందాల వల్ల కొంత తగ్గింపు ఉన్నా, 2021 బడ్జెట్ ప్రకారం 50 శాతం కస్టమ్స్ సుంకం, దానికి తోడు 100 శాతం సెస్సు పడతాయి. అంటే మీరు చెల్లించే 5,800లో పెద్ద భాగం వైను రుచికి సంబంధించినదే కాదు.

అందుచేత సీసా బదులు గ్లాసు తీసుకోండి. అక్కడ గ్లాసు 1,300 అని రాశారు. సీసాలో 150 మిల్లీలీటర్ల గ్లాసులు అయిదు వస్తాయి కాబట్టి కొలత ప్రకారం గ్లాసే ఖరీదు. తెరిచిన సీసా త్వరగా పాడవుతుంది గనుక ఆ నష్టభయాన్ని కూడా వారు ధరలో కలుపుతారు. అయినా ఇద్దరూ ఒక్కొక్క గ్లాసుతో ఆగితే 5,800 కాస్తా 2,600 అవుతుంది. ఇక సర్వీస్ ఛార్జీ బలవంతంగా వసూలు చేయరాదని కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలైలో మార్గదర్శకాలు ఇచ్చింది. ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో వాటిని సమర్థించింది. తీసేయమని మర్యాదగా అడగండి, వడ్డించినవారికి మీకు తోచినంత నేరుగా చేతికివ్వండి. జీఎస్‌టీ ఆహారానికే వర్తిస్తుంది, వైనుకు రాష్ట్ర ప్రభుత్వ పన్నే ఉంటుంది. బిల్లులో ఆ రెండూ విడివిడిగా ఉన్నాయో లేదో చూసుకోవడం అవసరం. ఇలా చేస్తే ఒక్కో సాయంత్రానికి సుమారు 4,000, నెలకు 8,000 మిగులుతాయి, వెళ్లే రోజులు ఒక్కటి కూడా తగ్గవు.

నన్ను నిజంగా కలవరపెట్టింది కార్డు బాకీ. నెలకు 3.5 శాతం చొప్పున 60,000కు వడ్డీ 2,100, దానిపై 18 శాతం జీఎస్‌టీ 378, మొత్తం 2,478 రూపాయలు. మీ ఇద్దరి భోజనంలో దాదాపు మూడొంతుల ఖరీదు ఇది. పైగా పాత బాకీ పూర్తిగా తీరేదాకా కొత్త ఖర్చులకు వడ్డీ లేని గడువు వర్తించదు కాబట్టి, మొన్నటి విందుకు ఆ రోజు నుంచే వడ్డీ పడుతోంది. ఏడు శాతం తెచ్చే ఎఫ్‌డీని పక్కన ఉంచుకుని ఏడాదికి 42 శాతం కట్టడం ఏ విధంగానూ తగదు. ఈ వారమే ఎఫ్‌డీ నుంచి 60,000 తీసి, ముందస్తు ఉపసంహరణకు కొద్దిపాటి కోత పడినా సరే, బాకీ మొత్తం తీర్చేయండి. మిగిలే 8,000కు ఆదా అయ్యే వడ్డీ కూడా కలిపితే ఆరు నెలల్లో ఎఫ్‌డీ మళ్లీ నిండుతుంది.

నిండిన తర్వాత కూడా ఆ డబ్బును సిప్‌కు మళ్లించకండి. సిప్ మినహా మీ తప్పనిసరి ఖర్చులు నెలకు 1,34,000. మీ ఎఫ్‌డీ రెండు నెలలకు కూడా సరిపోదు, మీ ఇద్దరి ఉద్యోగాలూ ఒకే రంగంలో ఉన్నాయి. ఆరు నెలల ఖర్చుకు సరిపడా, అంటే 8 లక్షలు, చేరేదాకా బోనసులు కూడా అందులోకే వెళ్లాలి. బిస్ట్రోకు వేరే సేవింగ్స్ ఖాతా తెరిచి, జీతం పడిన రోజే 13,000 అందులో వేసి, ఆ ఖాతా నుంచే చెల్లించండి. క్రెడిట్ కార్డు ఆ బల్ల దగ్గరకు రాకూడదు.

డజను సీసాల ఆలోచన విరమించుకోండి. ఈ వైన్లలో ఎక్కువ భాగం కొత్తగా ఉన్నప్పుడు తాగడానికే చేస్తారు. సల్ఫైట్లు లేని సీసా చల్లని నిలవ గది లేకుండా అపార్టుమెంటు అలమరలో బెంగళూరు వేసవిని తట్టుకోవడం కష్టం. అన్నిటికంటే ముఖ్యంగా, లైసెన్సు లేకుండా మద్యం అమ్మడం ఎక్సైజ్ చట్టం కింద నేరం. అమ్ముకునే దారి లేనిదాన్ని పెట్టుబడి అనుకోవడానికి వీల్లేదు.

టర్మ్ పాలసీ దరఖాస్తులో ఉన్నది ఉన్నట్లు రాయండి. నెలకు రెండుసార్లు ఒక గ్లాసు వైను అని రాస్తే పాలసీ రాకుండా పోవడం అరుదు. లేదని రాస్తే మాత్రం, బీమా చట్టం 45వ సెక్షన్ ప్రకారం మొదటి మూడేళ్లలో ఆ దాపరికాన్ని చూపి క్లెయిమును తిరస్కరించే అవకాశం కంపెనీకి ఉంటుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత జీవిత బీమా ప్రీమియంపై జీఎస్‌టీ లేదు కనుక ఇంకా ఆలస్యం చేయకండి. దరఖాస్తును ఏజెంటు నింపితే, సంతకానికి ముందు అలవాట్ల గడిలో ఏం రాశారో మీరిద్దరూ స్వయంగా చదవండి.