బ్లిట్జ్‌ను తూచే ముందు: ఒక యువ క్రీడా రచయితకు లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

2020 డిసెంబరు 6న మెట్‌లైఫ్ స్టేడియంలో జెట్స్, రైడర్స్ జట్ల మధ్య జరిగిన అమెరికన్ ఫుట్‌బాల్ ఆట ముగింపుపై నువ్వు రాసి పంపిన వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. వాక్యం మీద నీకు పట్టుంది, ఆట మీద ప్రేమ ఉంది. అయితే జెట్స్ డిఫెన్స్ కోచ్ గ్రెగ్ విలియమ్స్ బ్లిట్జ్ (బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ మీదికి అదనపు ఆటగాళ్లను పంపడం) నిర్ణయం తప్పని తేల్చడానికి నువ్వు చూపిన ఆధారం ఒక్కటే: బంతి వెళ్లి రైడర్స్ రిసీవర్ (పాస్ అందుకునే ఆటగాడు) హెన్రీ రగ్స్ చేతుల్లో పడింది, రైడర్స్ 31–28తో గెలిచారు. నిర్ణయం తప్పేనని నేనూ అంటాను. కానీ ఆ మాట అనడానికి నీకు బంతి ఎక్కడ పడిందో తెలియాల్సిన అవసరమే లేదు. నీ వ్యాసంలో నాకు లోటుగా తోచింది ఇదే.

స్నాప్‌కు, అంటే బంతిని వెనక్కి అందించి ఆట మొదలుపెట్టడానికి, ముందు క్షణంలో వీడియో ఆపి చూడు. జెట్స్ 28–24తో ముందున్నారు. గడియారంలో 13 సెకన్లున్నాయి. బంతి జెట్స్ వైపు 46 గజాల గీత దగ్గర ఉంది. తేడా నాలుగు పాయింట్లు కాబట్టి మూడు పాయింట్లే ఇచ్చే ఫీల్డ్ గోల్ రైడర్స్‌కు పనికిరాదు, బంతిని మైదానం చివరనున్న ఎండ్‌జోన్‌లోకి చేర్చే టచ్‌డౌన్ ఒక్కటే దారి. ఇరవై గజాల పాస్ పట్టుకున్నా జెట్స్ కొంప మునగదు. మునిగేది ఒక్కచోటే, డిఫెన్స్ వెనుక ఎవరూ లేని ఖాళీలో బంతి పడితేనే. విలియమ్స్ ఎంచుకున్న ‘కవర్ జీరో’ బ్లిట్జ్ సరిగ్గా ఆ ఖాళీనే తెరిచిపెట్టింది. లోతున కాపు కాయాల్సిన సేఫ్టీ లేకుండా, ప్రతి రిసీవర్‌నూ ఒకే ఆటగాడికి అప్పగించి, మిగిలినవారిని క్వార్టర్‌బ్యాక్ డెరెక్ కార్ మీదికి పంపడమే ఆ పద్ధతి.

ఇక్కడ ఎదుటి వాదనను దాని పూర్తి బలంతో చెప్పడం రచయిత బాధ్యత. నీ వ్యాసంలో దానికి చోటే దొరకలేదు. అంత దూరం నుంచి ఎండ్‌జోన్‌కు విసరాలంటే రిసీవర్లు పరుగెత్తడానికి సమయం కావాలి. ఆ సమయాన్ని క్వార్టర్‌బ్యాక్‌కు దక్కనివ్వకూడదనుకోవడం తెలివితక్కువ ఆలోచన కాదు. అది ఇక్కడ ఎందుకు నిలవదో చూపించు. తొందరపెట్టడం వల్ల జెట్స్‌కు రావాల్సిన లాభాన్ని గడియారం అప్పటికే వాళ్ల చేతిలో పెట్టింది. ఊరికే అందుతున్నదాని కోసం వాళ్లు వెనుక ఉన్న కాపలాను ధారపోశారు. అదీ కొన్ని నెలల క్రితమే 40 గజాలను 4.27 సెకన్లలో పరుగెత్తిన రగ్స్ ఎదురుగా ఉండగా!

అతన్ని కాచినవాడు ఆ ఏడాదే డ్రాఫ్ట్‌లో (జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమంలో) ఎవరూ ఎంచుకోకుండా లీగ్‌లోకి వచ్చిన కార్నర్‌బ్యాక్ (రిసీవర్లను కాచే ఆటగాడు) లమార్ జాక్సన్. (బాల్టిమోర్ క్వార్టర్‌బ్యాక్ కాదు, అదే పేరున్న మరొకరు, ఇది పాఠకుడికి చెప్పి తీరాలి.) రగ్స్ పక్కకు తిరగబోతున్నట్టు ఒక్క అడుగు నమ్మించాడు, జాక్సన్ అటు మొగ్గాడు, అంతే. 46 గజాల టచ్‌డౌన్ పూర్తయ్యేసరికి ఇంకా 5 సెకన్లు మిగిలే ఉన్నాయి. నువ్వు ఆ కుర్రవాణ్ణి రెండు పేరాల్లో దుయ్యబట్టావు. ఆ రెండూ తీసేయమని నా గట్టి సలహా. అతను మోసపోవడం ఆటలో పొరపాటు. మోసపోతే ఆదుకునేవాడు లేకుండా చేయడం కోచ్ నిర్ణయం. ఈ రెంటినీ కలిపి రాస్తే పాఠకుడికి రెండూ అర్థం కావు. జెట్స్ సేఫ్టీ మార్కస్ మే కూడా ఆట ముగిశాక ఆ నిర్ణయంపై తన అసంతృప్తిని దాచుకోలేదు. మర్నాడే విలియమ్స్ ఉద్యోగం పోయింది.

ఇదే జీరో బ్లిట్జ్‌ను 2019 ఫిబ్రవరి 3న అట్లాంటాలో జరిగిన లీగ్ ఫైనల్ సూపర్ బౌల్‌లో ర్యామ్స్ జట్టుపై పేట్రియట్స్ వాడారు. నాలుగు నిమిషాలకు పైగా ఆట మిగిలుంది, 10–3 ఆధిక్యం, బంతి పేట్రియట్స్ 27 గజాల గీత దగ్గర ఉంది. అక్కడ గడియారం వాళ్లను కాపాడదు. ఊరుకుంటే ర్యామ్స్ నెమ్మదిగా ముందుకొచ్చి స్కోరు సమం చేయగలరు. వెనుక కాచుకోవలసిన మైదానమూ తక్కువే. పైగా కార్నర్‌గా ఉన్నది ఆ సీజన్‌లో ఆల్-ప్రోగా, అంటే లీగ్‌లోని అత్యుత్తముల్లో ఒకడిగా, ఎంపికైన స్టెఫాన్ గిల్‌మోర్. సేఫ్టీ డురాన్ హార్మన్ తన మీదికి దూసుకురావడంతో ర్యామ్స్ క్వార్టర్‌బ్యాక్ జారెడ్ గాఫ్ వెనక్కి ఒరుగుతూ విసిరాడు, గిల్‌మోర్ నాలుగు గజాల గీత దగ్గర బంతిని అందుకున్నాడు. ఆ బంతి అతని చేతుల్లోంచి జారిపోయి ఉన్నా ఆ నిర్ణయాన్ని నేను సమర్థించేవాణ్ణి.

ఇంత పట్టుగా చెప్పడానికి కారణముంది. తొలి రోజుల్లో నేనొక బ్లిట్జ్‌ను సాహసమని ఆకాశానికెత్తి రాశాను. కొన్ని వారాలకు అదే కోచ్ అలాంటి స్థితిలోనే అదే బ్లిట్జ్ వేసి ఓడితే దురహంకారమని రాశాను. రెండు వ్యాసాలనూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు నేను రాసినవి రెండు స్కోర్లేనని, ఆట గురించి ఏమీ రాయలేదని తెలిసివచ్చి చాలా బాధపడ్డాను. అప్పటి నుంచి స్నాప్‌కు ముందు వీడియో ఆపి, స్కోరు, సమయం, బంతి ఉన్న చోటు, ఎవరికెదురుగా ఎవరున్నారో కాగితం మీద రాసుకుని, నా తీర్పు కూడా కిందనే రాసి, ఆ తర్వాతే మీట నొక్కుతున్నాను.

నువ్వూ ఆ 13 సెకన్ల దగ్గర ఆపి, కాగితం పూర్తిచేసి, మూడో పేరా నుంచి తిరగరాయి. కొత్త ప్రతితో పాటు ఆ కాగితాన్ని కూడా నాకు పంపు.

శుభాకాంక్షలతో,
మీ అన్నయ్య