శ్లాబుకు ఏ సిమెంటు?

ప్రశ్న: ఇంటి శ్లాబుకు 53 గ్రేడు ఓపీసీ (సాధారణ పోర్ట్‌లాండ్ సిమెంటు) తప్పనిసరి అని మా మేస్త్రీ గారు, పీపీసీ (బూడిద కలిపిన పోర్ట్‌లాండ్ పొజొలానా సిమెంటు) చాలునని దుకాణదారు అంటున్నారు. ఎవరి మాట వినాలి? – ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: రెండూ పనికివస్తాయి. 53 అన్నది, ప్రామాణిక ఇసుకతో చేసిన సిమెంటు దిమ్మ 28 రోజులకు చదరపు మిల్లీమీటరుకు కనీసం 53 న్యూటన్ల ఒత్తిడిని తట్టుకోవాలన్న కొలతే తప్ప, మీ శ్లాబు బలం కాదు. థర్మల్ కేంద్రాల బూడిద కలిసే పీపీసీ మొదట్లో నెమ్మదిగా బలపడినా, తక్కువ వేడిని పుట్టిస్తుంది, ఉప్పునేలల్లో ఎక్కువ కాలం మన్నుతుంది; అందుకే మామూలు ఇంటికి నా మొగ్గు దానివైపే. అయితే సెంటరింగ్ విప్పడానికి తొందరపడకూడదు, కనీసం 10 రోజులు తడి ఆరనివ్వకూడదు.

అసలు చేటు నీళ్లతోనే వస్తుంది. ఎం20 కాంక్రీటుకు (28 రోజులకు చదరపు మిల్లీమీటరుకు 20 న్యూటన్ల బలం రావాల్సిన రకం) 50 కిలోల సిమెంటు బస్తాకు నీళ్లు 30 లీటర్లు మించకూడదని కాంక్రీటు పనుల భారతీయ ప్రమాణం ఐఎస్ 456 చెబుతుండగా, పని సులువవుతుందని కూలీలు (వారి కష్టమూ కాదనలేనిదే) బకెట్లతో కుమ్మరిస్తారు. ఆ అదనపు నీరు ఆవిరై వదిలే సూక్ష్మరంధ్రాల వల్ల ఏ సిమెంటైనా బలహీనపడుతుంది. కనుక మాల్ కలిపేటప్పుడు మీరు దగ్గరుండి, కొలిచిన డబ్బాతోనే నీళ్లు పోయించండి.