కీమో సమయంలో పసరు మందు, యోగా: ఏది పనికొస్తుంది?

అమ్మకు కీమో (క్యాన్సర్‌కి ఇచ్చే మందుల చికిత్స) నడుస్తోంది, రాత్రిళ్లు నిద్ర లేదు, చుట్టాలేమో పసరు మందు తాగించమంటున్నారు అని అమలాపురం నుంచి అడిగారు కదండీ. పసరు మాత్రం వద్దు. అందులో ఏం కలుపుతారో మనకి తెలియదు, కొన్ని ఆకులు, ఆఖరికి పసుపు మాత్రలు కూడా, కీమో మందుకి అడ్డుపడొచ్చు, లివర్‌ని దెబ్బతీయొచ్చు. ఏది వాడినా ముందు ఆంకాలజిస్టుకి, అంటే క్యాన్సర్ డాక్టరుకి, చెప్పాల్సిందే.

యోగా, ధ్యానం, పాటలు వినడం గడ్డను కరిగించవు, కానీ టెన్షన్, నీరసం, నిద్రలేమి తగ్గడానికి సాయపడతాయి. రాజోలులో మా పిన్ని ఎండ చల్లారాక కాలువ గట్టు మీద పది నిమిషాలు నడిచొచ్చి అరుగు మీద కూర్చునేది, వికారంగా ఉంటే మణికట్టు లోపలివైపు, మడత నుంచి మోచేతి వైపు మూడు వేళ్ల దూరంలో, రెండు నరాల మధ్య బొటనవేలితో నొక్కుకునేది. కొందరికి అది పనిచేస్తుంది. ప్లేట్‌లెట్లు తగ్గి ఉంటే గట్టి మసాజ్ జోలికి పోకండి.

పరామర్శకొచ్చి "మా ఊళ్లో ఫలానా ఆయన ఇలాగే పోయాడండీ" అనేవాళ్లుంటారు, వాళ్లని గుమ్మంలోనే ఆపేయండి. అమ్మ ఏడిస్తే ఏడవనివ్వండి. మీకైనా ఆవిడకైనా గుండె బరువెక్కితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, ఉచితమే, తెలుగులోనే మాట్లాడతారు.