ప్రశ్న - జవాబు: వేడెక్కడంలో ప్రకృతి పాలెంత, మన పాలెంత?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఎండల మీదే. గజపతి, రాయగడ, గంజాం, కొరాపుట్ జిల్లాల పాఠకులు అడిగినవాటిలో ఒకే సంగతి గురించి ఉన్నవి కలిపేశాం.

ప్రశ్న: భూమి మొదటినుంచీ వేడెక్కుతూ, చల్లారుతూనే ఉంది. మంచు యుగాలు మనుషులు తెచ్చినవి కావు కదా. మరి ఇప్పటి వేడిని మాత్రం మన నెత్తిన ఎందుకు రుద్దుతున్నారు? సూర్యుడిలోనే తేడా వచ్చిందేమో!
- విశ్రాంత ఉపాధ్యాయుడు, పర్లాకిమిడి

జవాబు: మంచు యుగాల మాట నిజమే మాస్టారూ. భూకక్ష్య సుమారు లక్ష ఏళ్లకోసారి గుండ్రం నుంచి కోలకు, కోల నుంచి గుండ్రానికి మారుతుంటుంది. ఇరుసు వంపు 41 వేల ఏళ్లకోసారి పెరిగి తగ్గుతుంది. ఆ ఇరుసే బొంగరంలా తల తిప్పుకోవడానికి దాదాపు 26 వేల ఏళ్లు పడుతుంది. ఈ మూడూ కలిసి ఉత్తర ధ్రువం వైపు వేసవిలో పడే ఎండను మార్చి మంచును పెంచుతాయి, కరిగిస్తాయి. ఈ లెక్క కట్టినవాడు సెర్బియా శాస్త్రవేత్త మిలంకోవిచ్. మీ వాదనకు అడ్డొచ్చేది వేగం. చివరి మంచు యుగం ముదిరింది 20 వేల ఏళ్ల కిందట. అప్పుడు సముద్రం ఇప్పటికంటే 120 మీటర్లు కిందుండేది. అక్కడినుంచి లోకం అయిదారు డిగ్రీలు వేడెక్కడానికి దాదాపు 10 వేల ఏళ్లు పట్టింది, అంటే వెయ్యేళ్లకు అర డిగ్రీ పైచిలుకు. ఇప్పుడో, 1850-1900 సగటుకంటే 2011-2020 దశాబ్దం 1.1 డిగ్రీలు ఎక్కువ. 2024 ఒక్క ఏడాదినే తీసుకుంటే 1.5 దాటేసింది. కక్ష్య ఇంత తొందరపడదు. పైగా ఆ చక్రాల ప్రకారమైతే మనం ఇప్పుడు మెల్లగా చల్లబడుతూ ఉండాలి.

సూర్యుడిని 1978 నుంచి ఉపగ్రహాలు నేరుగా కొలుస్తున్నాయి. 11 ఏళ్ల చక్రంలో దాని వెలుగు 0.1 శాతం అటూ ఇటూ అవుతుంది, అంతే. మొత్తం మీద పెరుగుదల లేదు. 2008 చివర మొదలై 2019 దాకా నడిచిన చక్రమైతే బాగా బలహీనమైనది. వేడి రికార్డులు బద్దలైంది మాత్రం ఆ ఏళ్లలోనే. ఇంకో గుర్తు కూడా ఉంది. సూర్యుడే మండిపోతుంటే కింది నుంచి పైదాకా గాలి పొరలన్నీ వేడెక్కాలి. జరుగుతున్నది అది కాదు. మనముండే పొర వేడెక్కుతోంది, 30 కిలోమీటర్లకు పైనున్న పొర చల్లబడుతోంది. నేల నుంచి పైకి పోయే వేడిని పట్టి ఉంచే కార్బన్ డయాక్సైడ్ పెరిగితే సరిగ్గా ఇలాగే ఉంటుంది.

ప్రశ్న: ఒక అగ్నిపర్వతం పేలితే మనుషులు ఏళ్ల తరబడి వదిలే పొగకు సమానమట కదా?
- చిరు వ్యాపారి, బరంపురం

జవాబు: కాదు. బొగ్గు, చమురు, గ్యాసు, సిమెంటు కలిపి మనుషులు ఏడాదికి సుమారు 3,700 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్ వదులుతున్నారు. అగ్నిపర్వతాలన్నీ కలిసి వదిలేది ఇందులో నూటికి ఒక పాలు కూడా ఉండదు. పెద్ద పేలుడు లోకాన్ని నిజానికి చల్లబరుస్తుంది. 1991 జూన్‌లో ఫిలిప్పీన్స్‌లోని పినటుబో పేలి ఒకటిన్నర, రెండు కోట్ల టన్నుల సల్ఫర్ డయాక్సైడ్‌ను పైకి చిమ్మింది. ఆ తెర సూర్యకాంతిని వెనక్కి కొట్టడంతో ఏడాది రెండేళ్ల పాటు భూమి సగటున అర డిగ్రీ దాకా చల్లబడింది. తెర దిగిపోగానే వేడి మళ్లీ దారిన పడింది. బంగాళాఖాతానికి అటువైపు అండమాన్లలో బారెన్ దీవి అప్పుడప్పుడూ పొగలు కక్కుతూనే ఉంటుంది. మన ఎండలకూ దానికీ సంబంధం లేదు.

ప్రశ్న: గాలిలో కలిసిపోయిన కార్బన్ డయాక్సైడ్ బొగ్గుదా, అడవిదా, అగ్నిపర్వతానిదా అని ఎలా చెబుతారు? దాని మీద ముద్ర ఉంటుందా? ఇంకోటి: లీటరు పెట్రోలు కాలిస్తే 2.3 కిలోల వాయువు వస్తుందంటారు. లీటరు పెట్రోలు కిలో కూడా తూగదు కదండీ!
- ఇంటర్ విద్యార్థిని, రాయగడ

జవాబు: రెండోది ముందు చూద్దాం. లీటరు పెట్రోలు బరువు సుమారు 740 గ్రాములు. అందులో కార్బన్ 640 గ్రాములుంటుంది. కాలేటప్పుడు ప్రతి 12 పాళ్ల కార్బన్‌కూ గాలిలోని 32 పాళ్ల ఆక్సిజన్ అంటుకుని 44 పాళ్లవుతుంది. 640ని 44తో గుణించి 12తో భాగించి చూడు, 2.3 కిలోలు వస్తుంది. పెరిగిన బరువంతా గాలిదే. ఇదే లెక్కన లీటరు డీజిల్‌కు 2.7 కిలోలు.

ఇక ముద్ర. ఉంటుంది, ఒకటి కాదు. కార్బన్‌లో బరువు తేడాతో మూడు రకాలున్నాయి: 12, 13, 14. మొక్కలకు తేలికైన 12 అంటే ఇష్టం, 13ను కొంచెం తక్కువ తీసుకుంటాయి. కనుక చెట్టు నుంచి వచ్చినా, చెట్లే మట్టిలో కూరుకుని అయిన బొగ్గు నుంచి వచ్చినా ఆ వాయువులో 13 తక్కువ. అగ్నిపర్వతం వదిలేదానిలో, సముద్రం వదిలేదానిలో ఆ లోటు ఉండదు. గాలిలో 13 వాటా ఏటేటా తగ్గుతోంది. దీంతో అగ్నిపర్వతం, సముద్రం రెండూ లెక్కలోంచి తప్పుకున్నాయి. మిగిలినవి అడవి, బొగ్గు. ఇక్కడ కార్బన్-14 పనికొస్తుంది. అది 5,730 ఏళ్లకు సగం చొప్పున తరిగిపోతుంది. నిన్న కొట్టిన చెట్టులో ఉంటుంది. 25 కోట్ల ఏళ్లకు పైబడిన తాల్చేరు బొగ్గులో బొత్తిగా ఉండదు. గాలిలో 14 పలచబడటాన్ని చెట్ల వలయాల్లో హాన్స్ స్యూస్ అనే శాస్త్రవేత్త 1950లలోనే పట్టుకున్నాడు. అంటే కలుస్తున్నది పాత కార్బన్. గాలిలో ఆక్సిజన్ కూడా, ఇంత ఇంధనం కాలితే ఎంత తగ్గాలో దానికి తగ్గట్టే, తగ్గుతూ వస్తోంది.

పారిశ్రామిక యుగానికి ముందు పది లక్షల పాళ్ల గాలిలో ఈ వాయువు 280 పాళ్లుండేది. హవాయిలోని మౌనా లోవా కొండ మీద 1958లో కొలతలు మొదలుపెట్టినప్పుడు 315. ఇప్పుడు 420 దాటింది. అంటార్కిటికా మంచులో చిక్కుకున్న గాలి బుడగల ప్రకారం గత 8 లక్షల ఏళ్లలో ఎన్నడూ 300ను పెద్దగా దాటలేదు. మనం వదిలేదంతా గాలిలో మిగిలితే ఇంకా ఘోరంగా ఉండేది. సగానికి పైగా సముద్రం, చెట్లు, నేల తాగేస్తున్నాయి.

ప్రశ్న: ఓజోన్ పొరకు చిల్లు పడి ఆ చిల్లులోంచి ఎండ దిగడం వల్లే కదా ఈ వేడి?
- గృహిణి, గుణుపురం

జవాబు: కాదమ్మా, రెండూ వేరు. చిల్లు వల్ల అతినీలలోహిత కిరణాలు ఎక్కువ దిగుతాయి. వేడి పెరగడానికి అది కారణం కాదు. ఓజోన్‌ను దెబ్బతీసే రసాయనాలను ఆపేందుకు దేశాలు చేసుకున్న 1987 మాంట్రియల్ ఒప్పందం తర్వాత ఆ చిల్లు మెల్లగా పూడుతోంది కూడా.

ప్రశ్న: పోడు కాల్చడం వల్లే వాతావరణం పాడైందని మీటింగుల్లో చెబుతున్నారు. కొండ మీదివాళ్లదేనా తప్పంతా?
- అంగన్‌వాడీ కార్యకర్త, గుణుపురం దగ్గరి పల్లె

జవాబు: టన్ను ఎండుకట్టె కాలితే సుమారు 1.8 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, అందులో దాపరికం లేదు. కానీ కొట్టిన జాగాను పది పదిహేనేళ్లు బీడు వదిలితే చిగిర్చిన చెట్లు అందులో చాలా భాగం తిరిగి పీల్చుకుంటాయి. బొగ్గుకు ఆ తిరుగుదారి లేదు. పోయినది పోయినట్టే. బీడు గడువు మూడు నాలుగేళ్లకు పడిపోయిన చోట మాత్రం పోడు అప్పు తీరదు. అక్కడ అడవి తిరిగి రాదు, మట్టి కొట్టుకుపోతుంది, ఊటలు వేసవికి ముందే ఎండుతాయి. ఊరి వేడి పెరగడానికి నీడ పోవడం చాలు, దానికి ప్రపంచ కారణాలు వెతకనక్కర్లేదు. మోళ్లను తవ్వకుండా మోకాలెత్తున వదిలితే చిగురు తొందరగా వస్తుంది. ఇప్ప, చింత, పనసలను కొట్టకుండా వాటి మధ్య సామలు, కందులు వేసుకోవచ్చు.

ప్రపంచమంతటా అడవుల నరికివేత వాటా మనుషులు వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో సుమారు పదో వంతు. అదీ ఎక్కువ భాగం పెద్ద పెద్ద పశువుల మేతబీళ్ల కోసం, తోటల కోసం నరికినదే. బాక్సైట్ కొండలున్న జిల్లాల వాళ్లం కాబట్టి ఇంకో లెక్క కూడా మీటింగులో అడగండి: కిలో అల్యూమినియం తీయడానికి సుమారు 14 యూనిట్ల కరెంటు కావాలి. బొగ్గు కరెంటైతే ఒక్క దానికే 12 కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడ్.

ప్రశ్న: మా డాబా మీద థర్మామీటరు 47 చూపిస్తుంటే వార్తల్లో 41 అంటారు. ఎవరిది తప్పు?
- పాఠకుడు, జయపురం

జవాబు: థర్మామీటరుది కాదు, అది వేలాడుతున్న చోటుది. మీరు కొలిచింది కాలిన స్లాబును. వాతావరణ కేంద్రాల్లో పరికరాన్ని తెల్ల రంగేసిన, చుట్టూ గాలి ఆడే చెక్క పలకల పెట్టెలో, గడ్డి నేల మీద సుమారు నాలుగడుగుల ఎత్తున పెడతారు. తలుపు ఉత్తరం వైపు ఉంటుంది, తీసినా ఎండ లోపల పడకుండా. ఇంట్లో అయితే పెరట్లో చెట్టు నీడన, గోడకు పదడుగుల దూరంలో అదే ఎత్తున కట్టండి. రోజూ ఒకే వేళకు చూసి రాయండి. ఒక వేసవి చూసి వాతావరణం మారిందనకండి, మారలేదనీ అనకండి. పోల్చడానికి 30 ఏళ్ల సగటు కావాలి. ఎల్ నినో, అంటే పసిఫిక్ సముద్రం నడిమి నీళ్లు మామూలుకంటే వేడెక్కడం, వచ్చిన ఏడు దానంతటదే ఎక్కువ వేడిగా ఉంటుంది.

ప్రశ్న: ఫైలిన్, హుద్‌హుద్, తిత్లీ అన్నీ అక్టోబరులోనే వచ్చాయి. ఇదీ భూమి వేడెక్కడమేనా?
- మత్స్యకార యువకుడు, గోపాల్‌పూర్

జవాబు: నెల మాత్రం ప్రకృతిది. 2013 అక్టోబరు 12, 2014 అక్టోబరు 12, 2018 అక్టోబరు 11, ఆ రోజుల్లో బంగాళాఖాతం వేడిగా ఉంటుంది, పైగాలుల పోటు తగ్గుతుంది. తుపానుకు అదే అదను. మనుషుల వల్ల కలిసేది తీవ్రత. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే 7 శాతం ఎక్కువ ఆవిరిని మోయగలదు, అది వానగా దిగుతుంది. తిత్లీ తీరం దాటింది పలాస దగ్గర, ప్రాణాలు ఎక్కువగా తీసింది గజపతి కొండల్లో చరియలు విరిగిపడి. కొండవాలున ఉన్న ఊళ్లలో నేల బీటలిచ్చినా, వాగు నీరు ఉన్నట్టుండి బురదెక్కినా, ఉన్నట్టుండి తగ్గినా వాన ఆగేదాకా చూడొద్దు, ఊరు ఖాళీ చేయాలి.

ప్రశ్న: వరిచేల వల్ల కూడా భూమి వేడెక్కుతోందట. తాతల నాటినుంచీ వేస్తున్న వరి మానేయమంటారా?
- రైతు, కాశీనగర్

జవాబు: వరి మానక్కర్లేదు, నీరు నిలగట్టడం తగ్గిస్తే చాలు. ఎప్పుడూ నీరున్న మడిలో మట్టికి గాలి అందదు. గాలి లేనిచోట బతికే సూక్ష్మజీవులు మీథేన్ అనే వాయువును తయారుచేస్తాయి. అది ఎక్కువగా వరి కాడల్లోంచే పైకి వస్తుంది. గాలిలో పన్నెండేళ్లే ఉంటుంది గానీ, 20 ఏళ్ల లెక్కన కార్బన్ డయాక్సైడ్‌కు 80 రెట్లు వేడి పట్టిస్తుంది. మడిని మధ్యమధ్య ఆరనిస్తే మీథేన్ దాదాపు సగానికి తగ్గుతుంది, నీరు 30 శాతం దాకా మిగులుతుంది.

అడుగు పొడవు, 10-15 సెంటీమీటర్ల వెడల్పున్న పైపు తీసుకోండి. మీ వైపు లావు వెదురు బొంగుకు కొదవలేదు, కణుపులు పొడిచేస్తే అదీ పనికొస్తుంది. చుట్టూ బెజ్జాలు పెట్టి సగం నేలలో, సగం పైన ఉండేలా గట్టుకు దగ్గర్లో దిగగొట్టండి. దమ్ము కింది గట్టి పొరను చీల్చకూడదు, చీలితే నీరంతా అటే దిగిపోతుంది. లోపలి మట్టి తోడేయాలి. కొన్ని గంటలకు లోపలి నీరు, బయటి నీరు ఒకే మట్టంలో లేకపోతే బెజ్జాలు పూడినట్టు. తీసి కడిగి మళ్లీ పెట్టాలి. నాట్లేసిన రెండు వారాల తర్వాత మొదలుపెట్టండి, కలుపు ఎక్కువైతే ఇంకో వారం ఆగండి. పైపులో నీరు నేలకు 15 సెంటీమీటర్ల కిందికి దిగగానే మడిలో 5 సెంటీమీటర్లు పెట్టి వదిలేయడమే. పూతకు వారం ముందు నుంచి వారం తర్వాత దాకా మాత్రం నీరు తగ్గనివ్వకండి, తగ్గితే తాలు పడుతుంది. యూరియాను ఆరిన మడిలో చల్లి వెంటనే నీరు పెడితే వేళ్ల దగ్గరికి దిగుతుంది.

మీకు బోరుంటే రబీలో ఇది బాగా సాగుతుంది. ఖరీఫ్‌లో వాన తగ్గనప్పుడు మడి ఆరదు, పోరాడి లాభం లేదు. కాలువ వంతు పది పన్నెండు రోజులకు గానీ రాని మడుల్లో, చౌడు నేలల్లో దీని జోలికి పోకండి. చౌడు ఆరితే ఉప్పు పైకి తేలుతుంది.