కారుతున్న మ్యాటడార్ ట్యాంకు: మాటు వేయించాలా, కొత్తది కట్టించాలా?

ప్రశ్న: మా నాన్నగారు 1990లలో కొన్న మ్యాటడార్ వ్యానులో మూడేళ్ల క్రితం పడకలు, చిన్న వంటగట్టు పెట్టించి కుటుంబ యాత్రలకు అనువుగా మార్చుకున్నాము. గత ఏడాదంతా అది సగం డీజిల్‌తో ఇంటి ముందే నిలిచిపోయింది. ఇప్పుడు ట్యాంకు కింది అతుకు దగ్గర చెమ్మ కనిపిస్తోంది, తెల్లవారేసరికి నేల మీద అరచేయంత మరక పడుతోంది. బండి కిందికి వంగి చూసిన ఒక మెకానిక్ గ్యాస్ వెల్డింగ్ చేస్తే చాలన్నారు. మరొకరు లోపల పూత పోయించమన్నారు. ఇంకొకరు జీఐ రేకుతో కొత్త ట్యాంకు కట్టిస్తామంటున్నారు. ఏది చేయమంటారు?
– ఒక పాఠకుడు, సైనిక్‌పురి

జవాబు: ముగ్గురూ కింద నుంచి చూసి చెప్పినవారే తప్ప ట్యాంకును దింపి, లోపల ఏముందో చూసి చెప్పినవారు కారు. కాబట్టి ఆ మూడు సలహాలలో దేనినీ ఇప్పుడే ఒప్పుకోవద్దు. ట్యాంకు దింపించడమే మొదటి పని.

ఏడాది నిలిచిన డీజిల్ ట్యాంకు కింది అతుకు దగ్గర కారుతోందంటే, ఆ తుప్పు చాలావరకు లోపలి నుంచి వచ్చినదే అయి ఉంటుంది. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో పగటి వేడికి గాలి వ్యాకోచించి బయటికి పోతుంది, రాత్రి చల్లబడినప్పుడు బయటి గాలి తేమతో సహా లోపలికి వస్తుంది. ఆ తేమ పైరేకు మీద బొట్లు కట్టి, డీజిల్ కన్నా బరువైనది కనుక అడుక్కు దిగి అతుకు గాడిలో నిలుస్తుంది. నీటికీ డీజిల్‌కూ నడుమ సూక్ష్మజీవులు పెరిగి, నల్లటి జిగట మడ్డినీ, రేకును తినేసే ఆమ్లాలనూ పుట్టిస్తాయి. బెజ్జం మీ కంటపడింది ఇప్పుడే కావచ్చు గాని, లోపల రేకు తినడం నెలల క్రితమే మొదలై ఉంటుంది.

దీనిని మీరే రుజువు చేసుకోవచ్చు. అడుగున ఉన్న డ్రెయిన్ బోల్టు వదులు చేసి, మొదట వచ్చే డీజిల్‌ను ఒక గాజు సీసాలో పట్టి, రాత్రంతా కదపకుండా ఉంచండి. తెల్లారి చూస్తే అడుగున నీరు వేరుపడి, దాని మీద నల్లని నూగు తేలుతూ కనిపిస్తే కారణం తెలిసినట్టే.

ట్యాంకు దింపాక, దానిని పట్టి ఉంచే ఇనుప పట్టీల కింది రబ్బరు మెత్తలను ఊడదీసి చూడండి. అక్కడ బురద చేరి, ఎండాకాలంలో కూడా తడి ఆరదు. బయటి తుప్పుకు అసలు చోటు అదే. తర్వాత స్క్రూడ్రైవర్ పిడితో ట్యాంకు అడుగంతా తట్టుకుంటూ వెళ్ళండి. గట్టి రేకు ఖంగుమంటుంది, తినేసిన రేకు బొంగురుగా పలుకుతుంది. పై రేకును కూడా వదలవద్దు, ఎందుకంటే పడకల చట్రం కోసం నేలలోకి బిగించిన పొడుగు మర మేకు కిందికి పొడుచుకువచ్చి ట్యాంకును ఒరుసుకుంటూ ఉండటం ఇలా మార్పు చేసిన బండ్లలో జరిగే పొరపాటే. డీజిల్ ఎంత ఉందో ముల్లుకు తెలిపే గేజ్ యూనిట్ విప్పిన రంధ్రం దగ్గర బయటి నుంచే టార్చి వేసి, చిన్న అద్దంతో లోపలికి చూడండి. వైరుకు వేలాడే బల్బును మాత్రం ఎన్నడూ లోపలికి దించవద్దు.

రేకంతా గట్టిగా ఉండి ఒకటి రెండు సూదిబెజ్జాలే ఉంటే మాటు వేయించుకోవచ్చు. అడుగున తుప్పు గుంటలు వరుసగా ఉన్నా, పట్టీల కింద రేకు పలచబడినా మాటు వృథా. వేసిన చోటు పక్కనే మరో బెజ్జం తెరుచుకుంటుంది. మీరు రాసిన తీరును బట్టి కొత్త ట్యాంకే అవసరమవుతుందని నా అభిప్రాయం.

ఇక వెల్డింగ్ సంగతి. ఖాళీ చేసిన ట్యాంకులో ప్రమాదం లేదనుకోవడం ప్రాణాంతకమైన పొరపాటు. మండేది ద్రవం కాదు, గాలితో కలిసిన ఆవిరి. నిండు ట్యాంకులో ఆ ఆవిరికి చోటు తక్కువ, ఖాళీ ట్యాంకులో చోటంతా దానిదే. డీజిల్ తొందరగా అంటుకోదని మన షెడ్లలో ధీమాగా చెబుతుంటారు. కాని మన దేశంలో డీజిల్‌కు నిర్ణయించిన కనీస ఫ్లాష్ పాయింట్ (నిప్పు తగిలితే ఆవిరి అంటుకునే కనిష్ఠ వేడి) 35 డిగ్రీలు మాత్రమే, హైదరాబాద్‌లో మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీలు దాటుతుంది. పైగా వెల్డింగ్ వేడికి అతుకు మడతల్లో దాగిన డీజిల్ కూడా ఆవిరవుతుంది. అందుచేత మాటు వేయించినా మంట తగలని పద్ధతినే కోరండి. వేడినీటిలో బట్టల సోడా కలిపి మూడు నాలుగుసార్లు బాగా కడిగించి, రేడియేటర్ల పని చేసేవారి చేత, దూరంగా వేడి చేసి తెచ్చిన రాగి కడ్డీతో టంకం పెట్టించండి. వెల్డింగ్ తప్పనిసరి అంటే, కడిగిన తర్వాత కూడా వెల్డింగ్ చేసే చోటు వరకు ట్యాంకును నీటితో నింపి, మూతలన్నీ తెరిచి ఉంచి చేసేవారికే ఇవ్వండి. "అలాంటివేమీ అక్కర్లేదండీ, రోజూ చేసే పనే" అనే చోటి నుంచి ట్యాంకును వెనక్కి తెచ్చుకోండి.

లోపలి పూత గురించి నా అనుభవం చెబుతాను. కొన్నేళ్ల క్రితం నా పాత జీపు ట్యాంకుకు ఒక షెడ్డులో అలాగే పూత పోయించాను. లోపలి తుప్పును పూర్తిగా తీయకుండానే పోశారని నాకు తెలియలేదు. ఆరు నెలలు బాగానే నడిచింది. శ్రీశైలం వెళ్తుండగా డిండి దాటిన తర్వాత ఇంజను గుక్కపట్టి ఆగిపోయింది. ఫిల్టర్ విప్పితే, ఉల్లిపొట్టులాంటి పొరలు చేతికి వచ్చాయి. పూత మంచిదే కావచ్చు, అది పట్టుకోవడానికి కింద శుభ్రమైన ఇనుము కావాలి. తుప్పును ఫాస్ఫారిక్ ఆమ్లంతో పూర్తిగా తీసి, కడిగి, చుక్క తేమ లేకుండా ఆరబెట్టగలిగితేనే ఆ పని చేయించండి.

జీఐ రేకు మాట వినగానే వద్దనండి. ఆ రేకు మీద ఉండే జింకు డీజిల్‌లోని ఆమ్లాలతో కలిసి సబ్బులాంటి పదార్థంగా మారి, ఫిల్టర్లనూ, ఇంజనులోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లనూ పూడ్చేస్తుంది. చూడటానికి తళతళలాడుతుంది, నీళ్ళ ట్యాంకుకు పనికొస్తుంది, డీజిల్‌కు మాత్రం పనికిరాదు. గొట్టాలకు రాగి వాడటం కూడా మంచిది కాదు, డీజిల్ త్వరగా చెడిపోతుంది.

మ్యాటడార్ తయారీ ఎప్పుడో ఆగిపోయింది, తయారు చేసిన బజాజ్ టెంపో పేరు కూడా 2005లో ఫోర్స్ మోటార్స్ అయింది. కాబట్టి అసలు ట్యాంకు కోసం రాణిగంజ్‌లోనూ వనస్థలిపురం ఆటోనగర్‌లోనూ అడిగి చూడండి గాని, పాత బండి నుంచి తీసిన ట్యాంకు దొరికితే దానికి కూడా పైన చెప్పిన పరీక్షలన్నీ చేయండి. దొరకకపోతే పాతదానిని నమూనాగా ఇచ్చి, 16 గేజి సీఆర్ (కోల్డ్ రోల్డ్, జింకు పూత లేని ఉక్కు) రేకుతో గాని స్టెయిన్‌లెస్ స్టీలుతో గాని కట్టించండి. కొలతలు పెంచవద్దు, పట్టీలు మోసేది పాత బరువునే. లోపల అడ్డురేకులు ఉండి తీరాలి. 50 లీటర్ల డీజిల్ బరువు సుమారు 41 కిలోలు, అవి లేకపోతే బ్రేకు వేసినప్పుడల్లా అంత బరువూ వెళ్ళి ఒకే గోడను గుద్దుతుంది. డీజిల్‌ను పైకి లాగే గొట్టం అడుగుకు ఒక అంగుళం ఎత్తులో ఆగాలి, మిగిలిన డీజిల్‌ను వెనక్కి తెచ్చే రిటర్న్ గొట్టమూ గాలి గొట్టమూ వేరువేరుగా ఉండాలి.

పరీక్షించేటప్పుడు టైర్లకు గాలి కొట్టే కంప్రెసర్‌ను దగ్గరికి రానివ్వవద్దు. చదరపు అంగుళానికి 3 పౌండ్ల ఒత్తిడి ఉంటేనే, 30 సెంటీమీటర్ల వెడల్పు, 60 సెంటీమీటర్ల పొడవు ఉన్న రేకు మీద 360 కిలోలకు పైగా బలం పడుతుంది. సైకిలు పంపుతో కొద్దిగా గాలి నింపి, అతుకుల మీద సబ్బునీళ్ళు పూసి బుడగలు చూస్తే చాలు.

బిగించేటప్పుడు గేజ్ యూనిట్ ఎర్త్ వైరు తగిలే చోట రంగు గీకించండి, లేకపోతే ముల్లు ఎప్పుడూ తప్పే చూపుతుంది. ఫిల్టర్ మార్చి, చేతి పంపు కొడుతూ, గాలి వదిలే బ్లీడ్ స్క్రూ దగ్గర బుడగలు ఆగేవరకు ఎయిర్ తీయించాకే సెల్ఫ్ కొట్టండి.

అంతవరకూ కారే చోట పొడి గుడ్డతో తుడిచి, బట్టల సబ్బు బిళ్ళను గట్టిగా రుద్దండి. సబ్బు డీజిల్‌లో తొందరగా కరగదు కనుక షెడ్డు వరకు ఆపుతుంది. కింద పళ్ళెం పెట్టండి, లోపలి గ్యాస్ పొయ్యిని మాత్రం వెలిగించవద్దు.

ప్రశ్న: మా పాత పెట్రోలు ఓమ్ని వ్యాను అరగంట నడిచాక ఆగిపోతోంది. ట్యాంకు మూత తీస్తే బుస్సుమని శబ్దం వచ్చి, మళ్ళీ నడుస్తోంది. ట్యాంకు మార్చాలంటున్నారు.
– ఒక పాఠకురాలు, ఉప్పల్

జవాబు: మార్చనక్కర్లేదమ్మా. పెట్రోలు తగ్గినకొద్దీ ఆ చోటిలోకి గాలి రావాలి. వచ్చే దారి మూసుకుపోయింది కనుక లోపల శూన్యం ఏర్పడి, పంపు లాగలేకపోతోంది. ఆ బుస్సు అప్పుడు లోపలికి దూసుకువచ్చే గాలిదే. మూతనూ, ట్యాంకు గాలి గొట్టాన్నీ శుభ్రం చేయించండి, మట్టితో గూడు కట్టే కందిరీగల పని కూడా అయి ఉండవచ్చు. అదే సమయంలో రబ్బరు పెట్రోలు గొట్టాలను వంచి చూడమనండి. ఇప్పుడు వస్తున్న ఇ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలులోని ఇథనాల్ పాత రబ్బరును పాడుచేస్తుంది, పగుళ్ళు కనిపిస్తే ఇ20కి తగిన గొట్టాలు వేయించండి.