ఎండీ తర్వాత కార్-టి పరిశోధనలోకి వెళ్తే డాక్టర్ చదువు వృథా అవుతుందా?

అస్సలు కాదు. కార్-టి అంటే రోగి రక్తంలోని టి కణాల్ని, అంటే రోగాలతో పోరాడే కణాల్ని, ల్యాబ్‌లో మార్చి క్యాన్సర్ మీదికి పంపే చికిత్స. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు వైద్యం చదివి జీవితమంతా ల్యాబ్‌లోనే గడిపారు. ఆయన బృందం ఇచ్చిన మెథోట్రెక్సేట్ మందుని లుకేమియా (రక్త క్యాన్సర్) పిల్లలకు ఈరోజుకీ వాడుతున్నాం. ఆ చదువు వృథా అని ఎవరంటారు?

నేను హైదరాబాద్‌లో రక్త క్యాన్సర్ల వార్డు, ల్యాబ్ రెండూ చూస్తాను. నా దృష్టిలో వార్డు తెలియనివాళ్లు ఈ రంగంలో సరైన ప్రశ్న వేయలేరు.

మా దగ్గర లింఫోమాకి (లింఫ్ కణాల క్యాన్సర్) కార్-టి తీసుకున్న ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు ఉండేవారు. మార్చిన టి కణాలు ఎక్కించాక మెదడు మీద ప్రభావం పడుతుందేమోనని రోజూ వందనుంచి పదేసి తగ్గిస్తూ లెక్కపెట్టిస్తాం, ఒక వాక్యం రాయిస్తాం. మాస్టారు గుండ్రటి అక్షరాలతో 'మా ఊళ్లో వానలు పడుతున్నాయి' అని రాసేవారు. జ్వరం తగ్గింది, బీపీ బాగుంది, ఇక గండం గడిచిందనుకున్నాం. ఆ సాయంత్రం సిస్టర్ కాగితం పట్టుకుని పరుగున వచ్చింది: "మేడమ్, మాస్టారు వత్తులు వదిలేశారు!" పేరు అడిగితే చెప్తున్నారు, నవ్వుతున్నారు కూడా. కానీ 'ఊళ్లో' అన్న మాట 'ఊళో' అయిపోయింది, గీత కిందికి జారిపోయింది. మెదడు మీద ప్రభావం మొదలైందని వెంటనే డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మొదలుపెట్టాం. వాళ్లమ్మాయి టెన్షన్ చూడలేకపోయాం. నాలుగైదు రోజులకి వత్తులన్నీ వచ్చేశాయి. అది చూశాకే, టి కణాలు ఎంత వేగంగా పెరగాలి, ఎక్కడ ఆగాలి అన్నది నా ల్యాబ్ పని అయింది.

2012లో ఫిలడెల్ఫియాలో లుకేమియాకి కార్-టి తీసుకున్న ఆరేళ్ల ఎమిలీ వైట్‌హెడ్ ప్రాణాల మీదికి వచ్చినప్పుడు రక్తంలో ఐఎల్-6 అనే, వాపును పెంచే ప్రొటీన్ విపరీతంగా పెరిగిందని తేలింది. దాన్ని అడ్డుకునే టోసిలిజుమాబ్ అనే కీళ్లవాతం మందు ఆ చికిత్సను రూపొందించిన డాక్టర్ కార్ల్ జూన్‌కి తట్టింది, తన కూతురి కీళ్ల జబ్బు వల్ల ఆ మందు గురించి తెలుసు కాబట్టి. ఆ పాప బతికింది. ఇలాంటి ఆలోచన జబ్బుని దగ్గరగా చూసిన మనిషికే వస్తుంది.

కష్టాలు లేవా అంటే ఉన్నాయి. బంధువులు "ఇంకా చదువేనా, క్లినిక్ ఎప్పుడు?" అంటారు. ఇంతకుముందు పనిచేసిన ఆసుపత్రిలో ల్యాబ్‌కి వెళ్లిన రోజుల్ని సెలవుగా రాసేవారు. నాకు ఇప్పటికీ మండుతుంది. పైగా ఖర్చు చూడండి. 2017లో అమెరికాలో మొదటి కార్-టి మందు ధర 4,75,000 డాలర్లు. ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ కృషితో వచ్చిన నెక్స్‌కార్19 అనే కార్-టి మందుకి 2023లో మన దేశంలో అనుమతి వచ్చాక ధర బాగా తగ్గింది, అయినా ఇంకా లక్షల్లోనే ఉంది. హైదరాబాద్‌లోని ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఎంఎన్‌జే బయట చెట్టు కింద కూర్చునే కుటుంబానికి అది ఎలా అందుతుంది? దాన్ని తగ్గించే పనికి మీలాంటివాళ్లు కావాలి.

వెళ్లండి. హెమటాలజీలో (రక్త వ్యాధుల విభాగం) డీఎం, అంటే ఎండీ తర్వాతి స్పెషలిస్టు డిగ్రీ, చేయండి, వార్డు వదలకండి. ఉద్యోగంలో చేరేముందే వారంలో ల్యాబ్ రోజులెన్నో ఆర్డర్‌లో రాయించుకోండి, నోటిమాట నమ్మొద్దు.