1,700 మంది చదివే కాలేజీకి అమ్మాయిని పంపొచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు. మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. ఫిజిక్స్ అంటే ప్రాణం. కథలు కూడా రాస్తుంది. అమెరికాలో ఉన్న వాళ్ల మేనమామ అయోవా రాష్ట్రంలోని గ్రిన్నెల్ కాలేజీకి అప్లై చేయమని పట్టుబడుతున్నాడు. చూస్తే మొత్తం 1,700 మంది స్టూడెంట్లు, చుట్టూ మొక్కజొన్న చేలు, చివరికి ఇచ్చేది బీఏ డిగ్రీ. మా చుట్టుపక్కల ఆ పేరు విన్నవాళ్లు ఒక్కరూ లేరు. ఇంజినీరింగ్ మాన్పించి అక్కడికి పంపడం సబబేనా? అంత చిన్న ఊళ్లో పిల్ల ఒంటరైపోదా?

జవాబు: పంపొచ్చండీ. కాకపోతే ముందు రెండు విషయాలు తేలాలి. ఒకటి, డబ్బు సంగతి కాగితం మీద ఖాయం కావాలి. రెండు, ఏం చదవాలో ఎవరూ చెప్పని చోట తనకు తానుగా దారి వేసుకునే ఓపిక మీ అమ్మాయికి ఉందో లేదో చూడాలి. ఊరు చిన్నదని, పేరు వినలేదని, బీఏ అని మీరు పడుతున్న టెన్షన్ ఈ రెండింటి ముందు చిన్నది. ఎందుకో వివరంగా చెబుతాను. ఆ కాలేజీ చరిత్ర తెలిస్తే మీ సందేహాలు సగం తీరతాయి.

1843లో ఆండోవర్ సెమినరీలో, అంటే పాస్టర్లను తయారుచేసే కాలేజీలో, చదువు ముగించుకున్న పదకొండు మంది యువ పాస్టర్లు అయోవాకు వెళ్లారు. తలా ఒక చర్చి కట్టాలి, అందరూ కలిసి ఒక కాలేజీ పెట్టాలి, అదీ వాళ్ల సంకల్పం. 1846లో డావెన్‌పోర్ట్ ఊళ్లో అయోవా కాలేజీ మొదలైంది. అయోవా రాష్ట్రంగా ఏర్పడింది ఆ ఏడాది డిసెంబరు చివర్లో, అంటే కాలేజీ పుట్టాక. మీ ఊరి ఏసీ కాలేజీని కూడా 1885లో అమెరికన్ లూథరన్ మిషనరీలే పెట్టారు కాబట్టి ఈ తరహా పుట్టుక మీకు కొత్త కాదు. గ్రిన్నెల్‌కు ఇప్పుడు ఏ చర్చితోనూ అధికారిక సంబంధం లేదు.

బానిసత్వాన్ని గట్టిగా వ్యతిరేకించిన జోసయా గ్రిన్నెల్ అనే పాస్టర్ 1854లో తన పేరుతో ఒక ఊరు కట్టించాడు. కొన్నేళ్లకు కాలేజీ ఆ ఊరికి తరలివచ్చింది. 1859లో బానిసత్వం మీద పోరాడిన జాన్ బ్రౌన్ తాను విడిపించిన బానిసలను వెంటబెట్టుకుని కెనడా వైపు వెళుతూ ఆగిన ఊళ్లలో ఇదొకటి. 1882 జూన్ 17న సుడిగాలి వచ్చి కాలేజీ భవనాలను నేలమట్టం చేసింది, ఊళ్లో పదుల మంది చనిపోయారు. కాలేజీని మూసేయడానికి అంతకంటే పెద్ద కారణం ఇంకేం కావాలి? అయినా చందాలు పోగుచేసి తిరిగి కట్టుకున్నారు. ఆ తర్వాత కట్టిన వాటిలో గుడ్‌నౌ హాల్ ఇప్పటికీ క్యాంపస్‌లో ఉంది. గ్రిన్నెల్ కాలేజీ అనే పేరు 1909లో వచ్చింది.

ఇక బీఏ సంగతి. గ్రిన్నెల్‌లో ఫిజిక్స్ చదివినా, కంప్యూటర్ సైన్స్ చదివినా, చరిత్ర చదివినా చేతికొచ్చేది బీఏనే. మన దగ్గర బీఏ అంటే సైన్స్ లేని డిగ్రీ, అక్కడ అలా కాదు. దీనికి రాబర్ట్ నాయిస్ కంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. ఆయన ఆ ఊళ్లోనే పెరిగాడు, ఆ కాలేజీలోనే ఫిజిక్స్, మ్యాథ్స్ చదివి 1949లో బీఏ తీసుకున్నాడు. అక్కడి ఫిజిక్స్ ప్రొఫెసర్ గ్రాంట్ గేల్. 1947 చివర్లో బెల్ ల్యాబ్స్ అనే పరిశోధన సంస్థలో ట్రాన్సిస్టర్ పుట్టింది, ఈరోజు ప్రతి చిప్‌లోనూ ఉండే చిన్న స్విచ్ అది. దాన్ని కనిపెట్టిన వాళ్లలో ఒకరైన జాన్ బార్డీన్ గేల్‌కు పాత పరిచయం. పైగా బెల్ ల్యాబ్స్ అధిపతి ఆలివర్ బక్లీ గ్రిన్నెల్ పూర్వ విద్యార్థే. పెద్దపెద్ద యూనివర్సిటీల్లో చాలామంది ఆ వస్తువును కళ్లతో చూడని రోజుల్లో గేల్ రెండు ట్రాన్సిస్టర్లు తెప్పించి తన విద్యార్థులకు పాఠం చెప్పాడు. మొక్కజొన్న చేల మధ్య ఉన్న ఆ క్లాసులోనే నాయిస్‌కు ట్రాన్సిస్టర్ పరిచయమైంది. తర్వాత ఎంఐటీలో పీహెచ్‌డీ చేశాడు. 1959లో సిలికాన్ మీద ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్‌కు, అంటే మనం చిప్ అనేదానికి, రూపమిచ్చాడు. 1968లో గోర్డన్ మూర్‌తో కలిసి ఇంటెల్ పెట్టాడు.

ఇంకో ముచ్చట చెప్పాలి, తండ్రిగా మీకు ఇది ముఖ్యం. చదువుకునే రోజుల్లో నాయిస్ హాస్టల్ విందు కోసం దగ్గర్లోని ఒక రైతు పొలం నుంచి పందిని ఎత్తుకొచ్చాడు. మర్నాడు తానే వెళ్లి తప్పు ఒప్పుకున్నాడు. వ్యవసాయం మీద బతికే ఆ రాష్ట్రంలో పశువుల దొంగతనం పెద్ద నేరం, జైలు దాకా వెళ్లే వ్యవహారం. గేల్, కాలేజీ ప్రెసిడెంట్ స్టీవెన్స్ కలిసి రైతుతో మాట్లాడి, ఒక సెమిస్టర్ సస్పెన్షన్‌తో సరిపెట్టారు. శిక్ష పడింది, భవిష్యత్తు మాత్రం పోలేదు. ఆ కుర్రాడు ఎలాంటివాడో ప్రొఫెసర్‌కు స్వయంగా తెలుసు కాబట్టే అది సాధ్యమైంది. చిన్న కాలేజీకి డబ్బు కట్టేవాళ్లు నిజానికి కొనుక్కునేది దీన్నే. ఇప్పుడు అక్కడ సుమారు తొమ్మిది, పది మంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు ఉన్నారు. పీహెచ్‌డీకో ఉద్యోగానికో సిఫార్సు లేఖ కావాలంటే, మీ అమ్మాయి ల్యాబ్‌లో ఏం చేసిందో, ఏ ప్రశ్న అడిగిందో చూసిన మనిషే దాన్ని రాస్తారు.

నాయిస్ తర్వాత గ్రిన్నెల్ ట్రస్టీ అయ్యాడు. ఇంటెల్ మొదలైనప్పుడు జోసెఫ్ రోజెన్‌ఫీల్డ్ అనే మరో ట్రస్టీ చొరవతో కాలేజీ తరఫున మూడు లక్షల డాలర్లు అందులో పెట్టారు. 1968లోనే వారెన్ బఫెట్ కూడా ట్రస్టీగా చేరాడు. ఇలాంటి నిర్ణయాల వల్ల ఇంత చిన్న కాలేజీకి ఈరోజు 200 కోట్ల డాలర్లకు పైగా మూలనిధి ఉంది. ఇది చరిత్ర ముచ్చటే అయినా మీ జేబుకు సంబంధించిన విషయం కూడా, కిందకు వచ్చాక చెబుతాను.

చదువు ఎలా ఉంటుందంటే, అందరూ తప్పనిసరిగా చదవాల్సిన కోర్సు ఒక్కటే. మొదటి సెమిస్టర్‌లో ట్యుటోరియల్ అనే చిన్న క్లాసు ఉంటుంది. డజను మంది పిల్లలు, ఒక ప్రొఫెసర్, ఒక అంశం. చదవడం, వాదించడం, రాయడం అక్కడ నేర్పుతారు. మేజర్, అంటే ప్రధాన సబ్జెక్టు, ఎంచుకునే దాకా ఆ ప్రొఫెసరే సలహాదారు. 1970ల మొదటి నుంచీ ఇదే పద్ధతి. డిగ్రీకి 124 క్రెడిట్లు కావాలి, కోర్సులు ఎక్కువగా నాలుగేసి క్రెడిట్లవి. అంటే నాలుగేళ్లలో ముప్పై చిల్లర కోర్సులు. ఎంచుకున్న మేజర్‌కు కావలసినవి పోగా మిగతావి మీ అమ్మాయి ఇష్టం. క్వాంటం మెకానిక్స్ చదువుతూనే కథా రచన కోర్సు తీసుకోవచ్చు. జాజ్ పియానిస్టు హెర్బీ హ్యాంకాక్ ఇక్కడికి ఇంజినీరింగ్ చదువుదామని వచ్చి సంగీతంలోకి మారాడు. మన జూనియర్ కాలేజీల్లో ఉదయం నుంచి రాత్రి స్టడీ అవర్ దాకా పిల్లల రోజంతా ఇంకెవరో వేసిన టైమ్‌టేబులే. అందులోంచి నేరుగా ఈ స్వేచ్ఛలోకి వెళ్లిన పిల్లల్లో కొందరు రెక్కలు విప్పుతారు, కొందరు బిత్తరపోతారు. మీ పాప ఏ రకమో మీకు, తనకు తప్ప ఇంకెవరికీ తెలియదు.

ఫిజిక్స్ ఇష్టమన్నారు కాబట్టి ఇదీ చెప్పండి: క్యాంపస్‌లో గ్రాంట్ గేల్ పేరుతోనే ఒక అబ్జర్వేటరీ ఉంది, అందులో 24 అంగుళాల టెలిస్కోప్ ఉంది. పెద్ద యూనివర్సిటీల్లో ఇలాంటి పరికరాల దగ్గర ఎంఎస్, పీహెచ్‌డీ వాళ్లే క్యూలో ఉంటారు. ఇక్కడ ఆ చదువులే లేవు, డిగ్రీ పిల్లలదే రాజ్యం. ప్రొఫెసర్‌తో కలిసి పరిశోధన చేసే ప్రాజెక్టులు కూడా వాళ్లకే.

ఇక ఒంటరితనం. గ్రిన్నెల్ ఊరి జనాభా పదివేల లోపే. రాష్ట్ర రాజధాని డెమోయిన్ దాదాపు 90 కిలోమీటర్లు. మన సరుకులు, మన తిండి కావాలంటే అలాంటి నగరం దాకా వెళ్లాలి. జనవరిలో చలి సున్నాకు బాగా కిందకు పోతుంది, మైనస్ 20 కూడా తగలొచ్చు. ఇవన్నీ నిజాలే, అమ్మాయికి దాచకుండా చెప్పండి. కానీ ఊళ్లో ఏమీ లేదు కాబట్టే జీవితమంతా క్యాంపస్‌లో జరుగుతుంది. నాలుగేళ్లూ దాదాపు అందరూ అక్కడే ఉంటారు. అమెరికా కాలేజీల్లో అబ్బాయిలకు, అమ్మాయిలకు విడివిడిగా ఉండే ఫ్రాటర్నిటీ, సొరోరిటీ అనే క్లబ్బులు ఇక్కడ లేవు, అంటే డబ్బున్న వాళ్ల క్లబ్బులో చోటు దొరకలేదన్న బాధ ఉండదు. ప్రతి అయిదుగురిలో సుమారు ఒకరు వేరే దేశం నుంచి వచ్చినవాళ్లే.

హాస్టళ్లను కలుపుతూ లాగియా అని పిలిచే పొడవాటి వరండాలు ఉన్నాయి. క్యాంపస్ మధ్యలోంచి రైలు పట్టాలు వెళతాయి. సెల్ఫ్ గవర్నెన్స్ అనే మాట అక్కడ తరచూ వినిపిస్తుంది. హాస్టల్లో గొడవైతే వార్డెన్ దగ్గరికి పరుగెత్తడం కాకుండా ముందు పిల్లలే కూర్చుని తేల్చుకోవాలన్నది దాని అర్థం. 1894 నుంచి విద్యార్థులే నడుపుతున్న స్కార్లెట్ అండ్ బ్లాక్ పత్రిక ఉంది, కథలు రాసే పిల్లకు అది మొదటి మెట్టు కావచ్చు. సెమిస్టర్‌కోసారి వాల్ట్జ్ అని అందరూ మంచి బట్టలు వేసుకుని డాన్స్ చేసే సాయంత్రం ఉంటుంది. భోజనశాలలో పనిచేసే విద్యార్థులు 2016లో సొంతంగా యూనియన్ కూడా పెట్టుకున్నారు.

సమాజం గురించిన పట్టింపు ఆ కాలేజీలో మొదటి నుంచీ ఉంది. అమెరికా అధ్యక్షుడు రూజ్వెల్ట్ హయాంలో లక్షల మంది నిరుద్యోగులకు పని చూపించిన హ్యారీ హాప్కిన్స్ 1912లో ఇక్కడ డిగ్రీ తీసుకున్నవాడే. 1967 అక్టోబరులో మార్టిన్ లూథర్ కింగ్ వచ్చి ఇక్కడి జిమ్‌లో ప్రసంగించాడు. ఇలాంటి వాతావరణంలో పిల్లలు రాజకీయాలు మాట్లాడతారు, వాదిస్తారు, ఇంటికి ఫోన్ చేసి మనతోనూ వాదిస్తారు. దానికి మీరు సిద్ధపడాలి.

ఎవరు వెళ్లకూడదో కూడా చెబుతాను. మెకానికల్, సివిల్ లాంటి ఇంజినీరింగే కావాలనుకుంటే ఇది సరైన చోటు కాదు. మూడేళ్లు ఇక్కడ, రెండేళ్లు మరో యూనివర్సిటీలో చదివి రెండు డిగ్రీలు తీసుకునే పద్ధతి ఒకటి ఉంది కానీ, ఆ చివరి రెండేళ్లకు విదేశీ విద్యార్థులకు ఆర్థిక సాయం దొరుకుతుందన్న నమ్మకం పెట్టుకోవద్దు. డిగ్రీ కాగానే అమెరికాలో ఉద్యోగం, ఆ జీతంతో అప్పు తీర్చడం అన్న లెక్క మీద పంపేటట్టయితే ఏ కాలేజీకైనా వద్దనే అంటాను. ఫిజిక్స్, కంప్యూటర్ సైన్స్ లాంటి మేజర్లకు చదువయ్యాక ఏడాది, ఆపైన మరో రెండేళ్లు పనిచేసే వీలు ఇప్పటి నిబంధనల్లో ఉంది. ఆ నిబంధనలు మారుతూ ఉంటాయి, వాటి మీద ఇల్లు తాకట్టు పెట్టకండి.

డబ్బు దగ్గరికి వద్దాం. ఫీజు, హాస్టల్, తిండి కలిపి ఏడాదికి 80 వేల డాలర్లు దాటింది. ఆ అంకె చూసి పేజీ మూసేయకండి. సీటు ఇచ్చిన విదేశీ విద్యార్థికి కూడా, ఆ కుటుంబం కట్టలేనిదిగా కాలేజీ లెక్కతేల్చిన మొత్తాన్ని పూర్తిగా భర్తీ చేస్తామని చెప్పే కొద్ది కాలేజీల్లో గ్రిన్నెల్ ఒకటి. ఇందాక చెప్పిన మూలనిధి ఉపయోగం ఇదే. అయితే మూడు మెలికలు ఉన్నాయి. విదేశీ విద్యార్థుల విషయంలో సీటు ఇవ్వాలా వద్దా అని తేల్చేటప్పుడే ఎంత సాయం కావాలో చూస్తారు, ఎక్కువ అవసరమున్న వాళ్లకు పోటీ చాలా గట్టిగా ఉంటుంది. మీరెంత కట్టగలరో లెక్కకట్టేది మీరు కాదు, సీఎస్ఎస్ ప్రొఫైల్ అనే దరఖాస్తులో మీరిచ్చే జీతం, పొలం, ఇల్లు, పొదుపు వివరాలను బట్టి వాళ్లే లెక్కకడతారు. ఐటీ రిటర్నులు ఇప్పుడే సరిచేసి పెట్టుకోండి, ఏదీ దాచొద్దు. ఇక సీటొచ్చాక అడుగుదాంలే అనుకోవద్దు, మొదట అడగని వాళ్లకు తర్వాత దారి మూసుకుపోతుంది. సాయం ఎంతో తెలిపే ఉత్తరం వచ్చాక విమాన టికెట్లు, ఆరోగ్య బీమా, చలి బట్టలు, సెలవుల్లో ఉండే ఖర్చు అందులో ఉన్నాయో లేవో ఒక్కొక్కటే అడగండి.

కన్సల్టెన్సీల జాబితాలో ఈ పేరు కనబడకపోతే ఆశ్చర్యపోవద్దు, కమిషన్ రాని కాలేజీల గురించి చాలామంది మాట్లాడరు. వాళ్ల దగ్గర వ్యాసాలు మాత్రం రాయించొద్దని చేతులు జోడించి అడుగుతున్నాను. కథలు రాసే పిల్ల తన గొంతుతో తానే రాసుకోవాలి. అప్లికేషన్ గడువు సాధారణంగా జనవరి మొదట్లో ఉంటుంది, ఈ ఏడాది తేదీ కాలేజీ వెబ్‌సైట్‌లోనే చూసుకోండి.

ఈఏపీసెట్ మాన్పించకండి. గుడ్లన్నీ ఒకే బుట్టలో పెట్టడం నాకు నచ్చదు. ఇలాంటి చదువే మన దేశంలో కావాలంటే శ్రీసిటీలోని క్రియా, హర్యానాలోని అశోకా యూనివర్సిటీలకు కూడా అప్లై చేయించండి. క్రియా అయితే ఆంధ్రాలోనే, సెలవులకు బస్సులో వచ్చేయొచ్చు.

ఈ వారం మీ అమ్మాయికి ఒక పని అప్పజెప్పండి. గ్రిన్నెల్ కోర్సుల కేటలాగ్ ఆన్‌లైన్‌లో ఉంది. దాన్ని ముందేసుకుని, ఎవరి సాయం లేకుండా, ఎనిమిది సెమిస్టర్లకు ఏయే కోర్సులు తీసుకుంటుందో ఒక కాగితం మీద రాయమనండి. రెండు రోజులైనా ఆ పుస్తకం వదలకుండా కూర్చుంటే నాకు ఫోన్ చేయించండి, మిగతాది తనతోనే మాట్లాడతాను. విసుగొచ్చి పక్కన పడేస్తే ఈ ఏడాది ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ మీద దృష్టి పెడదాం, అందులో ఫిజిక్స్‌కు దగ్గరగా ఉండే బ్రాంచీలేమిటో అప్పుడు చెబుతాను.